లోహముల వేడి - పరమాణువుల బరువు

అనంతపురపు మెట్టసీమలోని కొత్తచెరువు, 2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన ఊరు. చెరువు పేరే ఊరి పేరైన ఈ కరువు సీమలో వేసవి మధ్యాహ్నము నేల అరికాళ్లను కాలుస్తుంది. నీరు నిలిచిన చోట ఆ నీరు మాత్రము అంతగా వేడెక్కదు. రెంటిమీదా పడేది ఒకే ఎండ. ఈ భేదానికి ముఖ్యకారణాలలో ఒకటి ఇది: ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఒక కెలోరీ వేడి కావాలి, ఒక గ్రాము ఎండుమట్టికి అందులో సుమారు అయిదవ వంతు చాలును. ఈ సంఖ్యనే ఆ పదార్థపు విశిష్టోష్ణము అంటారు.

బరువైన పదార్థమే ఎక్కువ వేడిని ఇముడ్చుకొంటుందని 18వ శతాబ్దపు పూర్వార్ధములో పలువురు తలచేవారు. ఫారెన్‌హీట్ నీటిని, పాదరసాన్ని కలిపి చేసిన ప్రయోగము అందుకు విరుద్ధముగా వచ్చింది. పాదరసము నీటికంటె పదమూడు రెట్లకు పైగా బరువైనా, అంతే ఘనపరిమాణము గల నీటికంటె తక్కువ వేడినే గ్రహించింది. 1760 ప్రాంతములో గ్లాస్గోలో జోసెఫ్ బ్లాక్ దీని అంతరార్థాన్ని గ్రహించాడు: వేడి వేరు, ఉష్ణోగ్రత వేరు. 1781లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు విల్కె, కాచిన లోహాలను మంచువలె చల్లనైన నీటిలో వేసి, వాటి విశిష్టోష్ణాలను ప్రకటించాడు.

కమ్మరి కాగిన కొడవలిని నీటితొట్టిలో ముంచినప్పుడు జరిగేదీ ఇదే. ఇనుము పోగొట్టుకొన్న వేడిని నీరు పుచ్చుకొంటుంది. కొత్తచెరువు బడిపిల్లలు 200 గ్రాముల రాగి ముక్కను మరిగే నీటిలో ఉంచి, 30 డిగ్రీల వద్దనున్న 200 గ్రాముల నీటిలో వేశారనుకొందాము. సముద్రమట్టానికి నాలుగైదు వందల మీటర్ల ఎత్తుగల ఈ పీఠభూమిలో నీరు సుమారు 98.5 డిగ్రీలకే మరుగుతుంది. పాత్ర గ్రహించే వేడిని లెక్కించకపోతే, నీరు 35.8 డిగ్రీల వద్ద నిలుస్తుంది. నీరు పెరిగినది 5.8 డిగ్రీలు, రాగి తగ్గినది 62.7 డిగ్రీలు. మొదటిదానిని రెండవదానితో భాగిస్తే రాగి విశిష్టోష్ణము రమారమి 0.092 వస్తుంది. ఉష్ణమాపకాన్ని చూడక, పుస్తకములోని 100నే వేసుకొంటే 0.090 వస్తుంది. నిజప్రయోగములో పాత్ర పుచ్చుకొన్న వేడినీ కలుపుకోవాలి.

ఈ చిన్న సంఖ్యలో ఒక పెద్ద రహస్యము దాగి ఉన్నదని 1819లో పారిస్‌లో డ్యూలాంగ్, పెటిట్ కనుగొన్నారు. లోహపు విశిష్టోష్ణాన్ని దాని పరమాణు భారముతో గుణిస్తే లబ్ధము ఇంచుమించు 6 వస్తుంది. రాగికి 5.8, వెండికి 6.0, బంగారానికి 6.1, సీసానికి 6.4. అనగా లోహము ఏదైనా, ఒక్కొక్క పరమాణువు గ్రహించే వేడి దాదాపు సమానమే.

ఈ నియమము ఒకసారి న్యాయనిర్ణేత అయింది. 1863లో కనుగొన్న ఇండియము అనే లోహానికి పరమాణు భారము 75.6 అని తలచారు. ఆ భారముతో ఆవర్తన పట్టికలో దానికి తగిన గడి లేదు. అది 113 ప్రాంతములో ఉండాలని మెండెలీవ్ వాదించాడు. 1870లో బున్సెన్, కొద్దిపాటి లోహము చాలే మంచు ఉష్ణమాపకముతో దాని విశిష్టోష్ణము 0.057 అని కొలిచాడు. 75.6తో గుణిస్తే 4.3, 113.4తో గుణిస్తే 6.5. వివాదము తీరింది.

అయితే నియమానికి లొంగని పదార్థాలూ ఉన్నాయి. వానలు పడగానే వజ్రకరూరు పొలాలలో జనము వెదకే వజ్రమే ఇందుకు ఉదాహరణ. మామూలు ఉష్ణోగ్రతలో దాని లబ్ధము సుమారు 1.5 మాత్రమే. గట్టిగా బంధింపబడిన పరమాణువులు శక్తిని పెద్ద మోతాదులలోనే స్వీకరించగలవనీ, ఆ ఉష్ణోగ్రతలో అంత శక్తి వాటికి సులభముగా అందదనీ 1907లో ఐన్‌స్టీన్ వివరించాడు. వజ్రాన్ని బాగా వేడిచేస్తే దాని లబ్ధమూ 6 వైపుకు పెరుగుతుంది.