అరిగిన మర, పాత ఇంజన్: లారీ మరమ్మతులో పారిశ్రామిక చరిత్ర

1. లక్ష్యాలు

ఈ పాఠాన్ని చదివిన తరువాత మీరు:
• మర కొలతలు దేశానికొక తీరుగా ఎందుకు ఏర్పడ్డాయో వివరించగలుగుతారు.
• ఆ తేడాలు మన రోడ్ల మీది లారీ ఇంజన్లలోకి ఎలా వచ్చాయో గుర్తించగలుగుతారు.
• అరిగిన మరను, పోర్టును బాగుచేసే పద్ధతులను చారిత్రక ఆధారాలుగా పరిశీలించగలుగుతారు.

2. పరిచయం

గార్లదిన్నె అనంతపురం జిల్లాలో, గుత్తి నుంచి అనంతపురం మీదుగా బెంగళూరు వెళ్ళే జాతీయ రహదారి మీద ఉంది. పాతతరం వారికి ఇది 7వ నెంబరు రహదారి. నెంబర్లు మార్చిన తరువాత 44 అయింది. మండలంలోని పెనకచెర్ల దగ్గర పెన్నా నదిపై మధ్య పెన్నార్ జలాశయం ఉన్నప్పటికీ, చుట్టుపక్కల భూమి చాలావరకు వానను నమ్ముకున్న మెట్ట. జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లే. ఈ నేల ముఖ్య పంట వేరుశనగ. కాయను మిల్లుకు, మార్కెట్టుకు చేర్చడానికి లారీ కావాలి. పంట చేతికొచ్చే కొద్ది వారాల్లో లారీ ఆగిపోతే యజమానికి కిరాయి, డ్రైవరుకు బత్తా పోతాయి. రైతు సరుకు కళ్ళంలోనే ఉండిపోతుంది.

అలాంటి రోజుల్లో ఒక పాత లారీ గార్లదిన్నె దగ్గర ఆగిపోయిందనుకుందాం. ఆయిల్ ప్రెషర్ గేజి గొట్టాన్ని ఇంజన్ బ్లాకుకు బిగించే రంధ్రంలో మర అరిగిపోయి ఆయిల్ కారుతోంది. ఇలాగే నడిపితే బేరింగులు పట్టేస్తాయి. రంధ్రంలో తప్పు మర కోస్తే బ్లాకే పాడవుతుంది. అందువల్ల మేస్త్రీ ట్యాపు చేతిలోకి తీసుకునే ముందే తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది: ఇది ఏ దేశపు మర? దీనికి జవాబు తెలియాలంటే సుమారు వందేళ్ళ పారిశ్రామిక చరిత్రలోకి వెళ్ళాలి.

3. మర కొలతల చరిత్ర

ఒక మరను గుర్తించడానికి మూడు కొలతలు అవసరం. మొదటిది బోల్టు బయటి వ్యాసం. రెండోది పిచ్, అంటే ఒక చుట్టుకూ పక్క చుట్టుకూ మధ్య దూరం. మూడోది చుట్టు అంచుల మధ్య కోణం. మూడూ కలిస్తేనే బోల్టు, రంధ్రం ఒకదానికొకటి సరిపోతాయి.

పంతొమ్మిదో శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఇంగ్లండులో ప్రతి కార్ఖానాకూ తన సొంత మర ఉండేది. జోసెఫ్ విట్‌వర్త్ అనేక కార్ఖానాల బోల్టులు సేకరించి, వాటి సగటు ఆధారంగా 1841లో ఒకే పద్ధతిని ప్రతిపాదించాడు. అందులో కోణం 55 డిగ్రీలు. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ 60 డిగ్రీల కోణంతో, చదునైన అంచుతో మరో పద్ధతిని సూచించాడు. మామూలు కార్ఖానాలో కూడా దాన్ని తేలికగా కోయవచ్చునన్నది అతని వాదన. ఐరోపా ఖండంలోని దేశాలు 1898లో జ్యూరిచ్‌లో సమావేశమై మిల్లీమీటర్ల మరను అంగీకరించాయి. దీని కోణం కూడా 60 డిగ్రీలే.

ఈ వైరుధ్యం ఖరీదు రెండో ప్రపంచ యుద్ధంలో తెలిసివచ్చింది. రోల్స్‌రాయిస్ వారి మెర్లిన్ విమాన ఇంజన్‌ను అమెరికాలో తయారు చేసిన ప్యాకార్డ్ సంస్థ, విడిభాగాలు రెండు దేశాల్లోనూ పనికిరావాలని బ్రిటిష్ మరలనే ఉంచింది. ఆ మరలు కోసే ట్యాపులు అమెరికాలో దొరకక వాటినీ తానే తయారు చేసుకోవలసి వచ్చింది. ఇటువంటి అనుభవాల ఫలితంగా 1948లో అమెరికా, బ్రిటన్, కెనడా 60 డిగ్రీల ఏకీకృత మరను ఒప్పుకున్నాయి. అయితే ఒప్పందం రాగానే పాత ఇంజన్లు మాయం కాలేదు. వాటిలో చాలా మన దేశపు రోడ్ల మీదే మరికొన్ని దశాబ్దాలు నడిచాయి.

4. మన రోడ్ల మీద మూడు దేశాల మరలు

జనరల్ మోటార్స్ సంస్థ 1928లో బొంబాయిలో వాహనాల కూర్పు ప్రారంభించింది. షెవర్లే లారీలతో పాటు అమెరికన్ మర మన దేశంలోకి వచ్చింది. యుద్ధం ముగిశాక సైన్యం వదిలించుకున్న లారీలు ప్రైవేటు యజమానుల చేతికి చేరాయి. 1950లలో విదేశీ భాగాలను తెచ్చి కూర్చడం మాత్రమే చేసే సంస్థలను ప్రభుత్వం ప్రోత్సహించకపోవడంతో జనరల్ మోటార్స్ తన పని ముగించుకుంది.

స్వదేశీ తయారీ కూడా విదేశీ సహకారంతోనే మొదలైంది. 1944లో ఏర్పడిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ అమెరికాకు చెందిన క్రైస్లర్ సహకారంతో డాడ్జ్, ఫార్గో లారీలు తయారు చేసింది. మద్రాసు దగ్గర ఎన్నూరులో 1948లో స్థాపించిన అశోక్ మోటార్స్, బ్రిటన్‌లోని లేలాండ్‌తో చేతులు కలిపి 1955లో అశోక్ లేలాండ్ అయింది. టాటా వారి టెల్కో 1954లో జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్ సహకారంతో జంషెడ్‌పూర్‌లో లారీలు నిర్మించింది. ఆ ఒప్పందం 1969 వరకు సాగింది. ఆ విధంగా అంగుళాల మరకు అలవాటు పడిన షెడ్లలోకి మిల్లీమీటర్ల ఇంజన్ ప్రవేశించింది.

దీనికి మరో చిక్కు తోడైంది. పెట్రోలు ఖర్చు భరించలేక పాత అమెరికన్ లారీల ఇంజన్లు తీసేసి, 1937లో బ్రిటన్‌లో రూపొందిన పెర్కిన్స్ పీ6 డీజిల్ ఇంజన్ బిగించడం సాధారణమైంది. చట్రానికి అమెరికన్ మర, ఇంజనుకు బ్రిటిష్ మర. బాష్ సహకారంతో 1951లో బెంగళూరులో ఏర్పడిన మైకో సంస్థ తయారు చేసిన డీజిల్ పంపుల గొట్టాలకు మిల్లీమీటర్ల మర. భారత ప్రభుత్వం 1956లో తూనికలు, కొలతల చట్టం చేసి 1958 అక్టోబరు నుంచి మెట్రిక్ పద్ధతిని దశలవారీగా అమలు చేసింది. షెడ్డులో మాత్రం అంగుళంలో ఎనిమిదో వంతును నూలు అనే మాట నిలిచిపోయింది. మూడు నూళ్ళ బోల్టు అంటే అంగుళంలో మూడు-ఎనిమిదో వంతు బోల్టు.

5. అరిగిన మరను బాగుచేసే పద్ధతులు

మూడు నూళ్ళ బోల్టు వ్యాసం 9.525 మిల్లీమీటర్లు, అంగుళానికి 16 చుట్లు, అంటే పిచ్ దాదాపు 1.59 మిల్లీమీటర్లు. ఎం 10 బోల్టు వ్యాసం 10 మిల్లీమీటర్లు, పిచ్ 1.5. చూపుకు రెండూ ఒకటే. కానీ పది చుట్లలో వాటి మధ్య దాదాపు 0.9 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. అందుకే ఒకదానిలో మరొకటి రెండు మూడు చుట్లు తిరిగి బిగుసుకుంటుంది. బాగా బిగిసిందనుకుని పానాతో బలవంతం చేస్తే పోతపోసిన ఇనుములోని చుట్లు చిట్లిపోతాయి. విట్‌వర్త్, అమెరికన్ ముతక మరలది ఇంకా చిత్రమైన సంబంధం. మూడు నూళ్ళ కొలతలో రెండింటికీ అంగుళానికి 16 చుట్లే, కోణం మాత్రమే వేరు. నాలుగు నూళ్ళ దగ్గరికి వచ్చేసరికి విట్‌వర్త్‌కు 12, అమెరికన్‌కు 13. పిచ్ గేజి పెట్టి చూడనిదే కన్ను ఈ తేడా పట్టలేదు.

మరమ్మతు పద్ధతులు ప్రధానంగా నాలుగు.

(అ) శుభ్రపరచడం: చుట్లలో మట్టి, తుప్పు మాత్రమే ఉంటే సరైన ట్యాపును చేత్తో నెమ్మదిగా తిప్పి పాత దారిని తెరవడం.

(ఆ) పెద్ద కొలతకు మార్చడం: రంధ్రాన్ని తరువాతి సైజుకు డ్రిల్ చేసి కొత్త మర కోయడం. దీనికి ఒక చివర లావుగా, మరో చివర పాత కొలతలో ఉండే స్టడ్డును లేత్ మీద చేయించాలి.

(ఇ) బుష్ వేయడం: రంధ్రాన్ని బాగా పెద్దది చేసి, లోపలా బయటా మర ఉన్న ఉక్కు లేదా ఇత్తడి బుష్‌ను బిగించి, అది తిరగకుండా పిన్ను కొట్టడం.

(ఈ) తీగచుట్ట వేయడం: స్ప్రింగులా చుట్టిన గట్టి ఉక్కు తీగను కొత్తగా కోసిన మరలోకి ఎక్కించడం. ఈ పద్ధతి మొదట విమాన ఇంజన్లలో ప్రాచుర్యం పొందింది. దీనితో పాత బోల్టు కొలత మారదు.

వెల్డింగ్ చివరి మార్గం. పోత ఇనుము వేడికి, చల్లదనానికి తేలికగా పగులుతుంది.

6. పోర్టుల ప్రత్యేకత

నీరు, ఆయిల్, డీజిల్ వెళ్ళే గొట్టాన్ని బిగించే రంధ్రాన్ని పోర్టు అంటారు. బోల్టు రంధ్రం బరువు మోస్తే చాలు. పోర్టు కారకుండా కూడా ఉండాలి. జర్మన్ ఇంజన్లలో సాధారణంగా తిన్నని మర ఉండి, రాగి వాషరు కారడాన్ని ఆపుతుంది. అంగుళాల పైపు మరల్లో ఏటవాలుగా సన్నబడే రకం ఉంది. అది బిగిసేకొద్దీ చీలలా పనిచేస్తుంది కనుక ఎక్కువ బిగిస్తే బ్లాకును పగలగొట్టగలదు.

ఇక్కడ కూడా దేశభేదం ఉంది. పావు అంగుళం పైపు మరకు బ్రిటిష్ పద్ధతిలో అంగుళానికి 19 చుట్లు, అమెరికన్ పద్ధతిలో 18. అర అంగుళం దగ్గర రెండింటికీ 14 చుట్లే, కోణాలు వేరు. అది బిగుస్తుంది, కానీ కారుతుంది. జనపనార చుట్టి తాత్కాలికంగా ఆపవచ్చు గాని, దూర ప్రయాణపు అదురుకు అది నిలవదు. పోర్టు కోసేటప్పుడు ట్యాపుకు గ్రీజు దట్టంగా రాయడం మంచి అలవాటు. ఇనుప రజను గ్రీజుకు అంటుకుని బయటికి వస్తుంది. ఆయిల్ దారిలో పడిన రజను బేరింగు దాకా చేరి, బాగుచేసిన ఇంజన్‌నే పాడుచేస్తుంది.

7. చరిత్ర విద్యార్థికి ఇందులో ఏముంది?

కేంద్ర ప్రభుత్వం 1950లో ప్రారంభించిన వృత్తి శిక్షణ పథకం ద్వారా ఐటీఐలలో ఫిట్టరు విద్య అందింది. అయినా పాత ఇంజన్‌లో ఏ పోర్టు ఏ దేశానిదో గుర్తుపట్టే విద్య ఎక్కువగా షెడ్డులో మేస్త్రీ నుంచి హెల్పరుకు చేతిపనిగానే అందింది. అది కాగితం మీదికి రాలేదు. కంపెనీల చరిత్రలు లారీ ఎప్పుడు తయారైందో చెబుతాయి. ఆ తరువాత ముప్పై ఏళ్ళు అది ఎలా నడిచిందో చెప్పవు. ఆ సమాచారం ఇంజన్ బ్లాకు మీదే దొరుకుతుంది. విట్‌వర్త్ రంధ్రంలో మెట్రిక్ బుష్ కనిపిస్తే, అసలు విడిభాగం దొరకని కాలంలో ఎవరో దాన్ని బతికించారని అర్థం. పాత బ్లాకును తుక్కుకు అమ్మేటప్పుడు ఇనుముతో పాటు ఈ ఆధారం కూడా కరిగిపోతుంది. అందువల్ల మీ ఊరి పాత మేస్త్రీలతో మాట్లాడి వారి మాటలను రాసిపెట్టుకోవడం చరిత్ర రచనలో భాగమే.

8. సారాంశం

మర కొలతలు బ్రిటన్, అమెరికా, ఐరోపా ఖండంలో వేరువేరుగా ఏర్పడ్డాయి. వలస పాలన, యుద్ధం, విదేశీ సహకార ఒప్పందాల వల్ల మూడూ మన లారీలలో కలిశాయి. వాటిని కలిపి నడిపించిన బాధ్యత రోడ్డు పక్క షెడ్ల మీద పడింది. బాగుచేసిన ప్రతి పోర్టు ఆ చరిత్రకు భౌతిక ఆధారం.

9. మీ ప్రగతిని సరిచూసుకోండి

1. విట్‌వర్త్, సెల్లర్స్ పద్ధతుల మధ్య ముఖ్యమైన తేడా ఏమిటి?
2. మూడు నూళ్ళ రంధ్రంలో ఎం 10 బోల్టు ఎందుకు బిగుసుకుంటుంది?
3. బోల్టు రంధ్రానికీ పోర్టుకూ అవసరాల్లో ఉన్న తేడాను వివరించండి.
4. మీ ప్రాంతంలోని ఒక పాత వాహనాన్ని లేదా ఆయిల్ ఇంజన్‌ను పరిశీలించి, దానిపై కనిపించే మరమ్మతుల ఆధారంగా దాని చరిత్రను ఒక పుటలో రాయండి.