జైలుకూ ఒక హిస్టరీ టికెట్

రాజమండ్రిలో పెరిగిన పిల్లలకి జైలంటే భయం పుట్టడానికి ముందే జైలు దారి తెలుస్తుంది. లాలాచెరువు వైపు వెళ్ళే రోడ్డుకి ఆ పేరే ఉంది మరి. సైకిళ్ళ మీద ఆ గోడ పక్కనుంచి వెళ్ళేటప్పుడు మేము మాటలు ఆపేసేవాళ్ళం. ఆపమని ఎవరూ చెప్పలేదు. గోడ దాటాక మళ్ళీ అందుకునేవాళ్ళం.

జైలుకి మనవాళ్ళు పెట్టుకున్న పేర్లకి లోటు లేదు. అత్తారిల్లు అంటాం, శ్రీకృష్ణ జన్మస్థానం అంటాం. అక్కడ తినేది చిప్పకూడు, చేసేది ఊచలు లెక్కపెట్టడం. ఇన్ని మాటలు పుట్టించుకున్నాం గాని, ఊరి చరిత్ర చెప్పమంటే నన్నయ దగ్గర ఎత్తుకుని, వీరేశలింగం పంతులుగారి మీదుగా, ధవళేశ్వరం ఆనకట్టా హేవలాక్ వంతెనా చెప్పి గోదావరి గట్టున ఆగిపోతాం. జైలు దాకా రాం. గట్టు నుంచి జైలుకి ఆటోలో ఎంతో దూరం లేదు. చరిత్రలో మాత్రం ఆ దూరం ఎవరూ నడవలేదనిపిస్తుంది నాకు.

ఇది మొదట డచ్చివారి కోట అంటారు. సరుకులూ ఆయుధాలూ దాచుకోడానికి 1602లో కట్టారని జైలు గురించిన రాతల్లో తరచూ కనిపిస్తుంది. కోట మాట నమ్ముతాను గాని ఆ సంవత్సరం దగ్గర నాకు కాలు ఆగుతుంది. డచ్చి ఈస్టిండియా కంపెనీ పుట్టిందే 1602 మార్చిలో. వాళ్ళు మచిలీపట్నం రేవులో దిగి వర్తకం మొదలుపెట్టింది 1605 ప్రాంతంలో. సముద్రం ఒడ్డున కాలు మోపకముందే గోదావరి ఒడ్డున కోట ఎలా లేస్తుంది? ఆ తర్వాతి సంగతి వేరు. పాలకొల్లు, నరసాపురం, ద్రాక్షారామం, కాకినాడ పక్క జగన్నాథపురం, ఈ ప్రాంతమంతా డచ్చివారి బట్టల బేరం రెండు వందల ఏళ్ళు నడిచింది. 1824 ఒప్పందంతో వాళ్ళ స్థావరాలు ఇంగ్లీషువారి పరమయ్యాయి. 1602 అని రాసుకుంటే ఘనంగానే ఉంటుంది. కానీ ఈ జైలుకి ఘనత అరువు తెచ్చుకోవలసిన అవసరం లేదు.

జైలుగా దీని వయసు 1864 నుంచి. సెంట్రల్ జైలు అయింది 1870లో. ఆ 'సెంట్రల్' అనే మాట వెనక పెద్ద కథ ఉంది. అంతకు ముందు ఇంగ్లీషువారి కంపెనీ జమానాలో శిక్ష పడ్డవాళ్ళని సంకెళ్ళతో రోడ్ల పనికి తోలేవారు. 1836లో మెకాలే సభ్యుడిగా వేసిన జైళ్ళ కమిటీ రెండేళ్ళు విచారించి, ఈ రోడ్డు పని మానిపించాలనీ, ఏడాదికి మించి శిక్ష పడ్డవాళ్ళకి ప్రత్యేకంగా పెద్ద జైళ్ళు కట్టి గోడల మధ్యే పని చేయించాలనీ చెప్పింది. ఆ పని విసుగు పుట్టించేదై ఉండాలని కూడా చెప్పింది. శిక్ష అంటే దెబ్బ కాదు, విసుగు అన్నమాట. సలహా కాగితం మీద నుంచి ఇటుకల్లోకి రావడానికి పాతికేళ్ళ పైన పట్టింది. మద్రాసు రాజధానిలో కోయంబత్తూరు, తిరుచ్చి జైళ్ళూ మనదీ ఇంచుమించు ఒక తరానివే. ఆనకట్ట 1852లో పూర్తయి డెల్టాలో పంట పెరిగి, భూమికి విలువ వచ్చి, తగాదాలూ కోర్టులూ పెరుగుతున్న రోజుల్లో ఈ జైలు లేచింది. కాలవలు తవ్విన ప్రభుత్వమే ఈ గోడలూ కట్టించింది. రెండూ ఒకే కాలపు పనులు. ఒకదానికి దండలు వేస్తాం, రెండోదాన్ని పలకరించం.

లోపల రోజు ఎలా గడిచేదో తెలుసుకోడానికి నాకు బాగా పనికొచ్చింది 1894 నాటి ప్రిజన్స్ యాక్టు. చట్టం కదా, ఎండుగా ఉంటుందనుకున్నాను. చదువుతుంటే మనుషులు కనిపించారు. ఖైదీ చేత రోజుకి తొమ్మిది గంటలకి మించి పని చేయించకూడదు. పని చేసే ప్రతి ఖైదీనీ కనీసం పక్షానికోసారి తూకం వేసి ఆ బరువు రాసిపెట్టాలి. పని వల్ల ఆరోగ్యం చెడుతోందని డాక్టరు చెబితే ఆ పని మాన్పించాలి. దయగానే ఉంది కదా అనుకునేలోగా శిక్షల పట్టిక వస్తుంది. తప్పు చేసిన ఖైదీకి మామూలు బట్టలు తీసేసి మూడు నెలల దాకా గోనె బట్టలు కట్టించవచ్చు. తిండి తగ్గించి శిక్షా భోజనం పెట్టవచ్చు, ఒక విడతకి తొంభై ఆరు గంటలు మించకుండా. కొరడా దెబ్బలు ముప్ఫై దాకా. ఒక చేత్తో తక్కెడ, ఇంకో చేత్తో కొరడా పట్టుకున్న చట్టమది. ఈ రెంటి మధ్యే ఎన్నో వేల మంది గోదావరి జిల్లాల మనుషులు బతికి బయటపడ్డారు. కొందరు బయటపడలేదు. ఉరికంబం కూడా ఈ ఆవరణలోనే ఉంది.

ఆ బరువు, ఆ పని, ఆ శిక్ష అన్నీ రాసే కాగితానికి చట్టం పెట్టిన పేరు 'హిస్టరీ టికెట్'. జైళ్ళలో ఇప్పటికీ ఆ మాటే వాడతారు. ప్రతి ఖైదీకీ ఒక చరిత్ర ఉండాలనీ అది రాసి ఉంచాలనీ 1894లోనే నిబంధన. ఊరుకీ పేరుకీ దూరమై ఒక నంబరుగా మిగిలినవాడికి కూడా చరిత్ర అనే మాట దక్కింది. ఆ పేరు చదివినప్పుడు నా మనసు చివుక్కుమంది. ఖైదీలందరి చరిత్రా రాసిపెట్టిన జైలుకి, తన చరిత్ర రాసిన పుస్తకం ఇప్పటికీ నా చేతికి రాలేదు.

1922 వచ్చేసరికి ఈ గోడల అర్థం తిరగబడింది. సహాయ నిరాకరణ ఉద్యమం గోదావరి మండలాన్ని ఊపేస్తోంది. తెల్లదొరతనం మాకొద్దని పాట కట్టినందుకు గరిమెళ్ళ సత్యనారాయణగారు జైలుపాలైన రోజులవి. ద్రాక్షారామంలో పుట్టిన దువ్వూరి సుబ్బమ్మగారు చిన్నతనంలోనే భర్తని పోగొట్టుకున్న మనిషి. ఆ కాలంలో అలాంటి స్త్రీ ఇంటి వెనక వసారాలో ఒదిగి బతకాలని లోకం అనుకునేది. ఆవిడ సభలెక్కి మాట్లాడారు. ఊళ్ళు తిరిగి ఖద్దరు చెప్పారు. ప్రభుత్వం ఏడాది శిక్ష వేసి ఈ రాజమండ్రి జైలుకే పంపింది. ఆ ఉద్యమంలో జైలుకెళ్ళిన తొలి తెలుగు స్త్రీలలో ఆవిడ ఒకరు. క్షమాపణ రాసిస్తే వదిలేస్తామంటే రాయనన్నారు. ఇంటి గడప దాటడమే తప్పన్న లోకంలో ఆవిడ జైలు గడప తొక్కి వచ్చారు. వచ్చాక ఆగారా అంటే ఆగలేదు. ఉప్పు సత్యాగ్రహంలో మళ్ళీ జైలుకెళ్ళారు.

అప్పటినుంచి జైలుకెళ్ళడం పరువు తక్కువ కాదు, పరువైపోయింది. ఉన్నవ లక్ష్మీనారాయణగారు 'మాలపల్లి' రాసింది కూడా ఆ రోజుల్లోనే, రాయవెల్లూరు జైల్లో. ఇక్కడ నాకో బాధ ఉంది. సత్యాగ్రహులు వచ్చి వెళ్ళారు. వాళ్ళ పక్క బ్యారకుల్లో ఆకలికి దొంగతనం చేసి వచ్చినవాడు, పొలం గట్టు తగాదాలో కత్తి దూసి వచ్చినవాడు అక్కడే ఉండిపోయారు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా వాళ్ళు 1894 చట్టం కిందే ఉన్నారు. వాళ్ళ పేరు మీద వీధి లేదు, విగ్రహం లేదు. ఉండాలని కాదు. ఈ జైలు ఎక్కువ రోజులు ఎవరిదో మరిచిపోకూడదని నా ఉద్దేశం.

స్వతంత్ర దేశంలో మార్పులు వచ్చాయి గాని నత్తనడకన వచ్చాయి. ఖైదీ పనికి న్యాయమైన కూలి ఇవ్వాలని సుప్రీంకోర్టు 1998లో చెప్పింది. ఇంకోటి వింటే ఒళ్ళు జలదరిస్తుంది. కులాన్ని బట్టి ఒకరికి వంట, ఒకరికి పాకీ పని అప్పగించే నియమాలు దేశంలో చాలాచోట్ల జైలు మాన్యువళ్ళలో అలాగే పడి ఉన్నాయి. వాటిని సుప్రీంకోర్టు కొట్టేసింది ఎప్పుడో కాదు, 2024 అక్టోబరు 3న.

ఈ మధ్య దేశమంతా ఈ జైలు పేరు విన్నది 2023లో. చంద్రబాబు నాయుడుగారు ఆ సెప్టెంబరు 10 అర్ధరాత్రి దాటాక లోపలికి వెళ్ళి అక్టోబరు 31న బెయిలు మీద బయటికొచ్చారు. ఆ యాభై రోజులూ గేటు ముందు కెమెరాలే. ఆయన్లాగే తీర్పు రాకముందే లోపల ఉన్నవాళ్ళ మాట కెమెరాలు అడగలేదు. 2022 చివరి లెక్కల ప్రకారం దేశంలోని జైళ్ళలో ఉన్నవాళ్ళు 5,73,220 మంది. అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. నలుగురిలో ముగ్గురు. కోర్టు ఇంకా నేరస్థుడని అనని మనిషికి రోజులు గడవడం శిక్ష పడ్డవాడి కన్నా కష్టం. వాడికి ఎన్ని రోజులో తెలుసు. వీడికి తెలియదు.

ఈ వ్యాసం ఇప్పుడే రాయడానికి ఒక కారణం ఉంది. తెలుగు నేల మీద పాత జైళ్ళు ఒక్కొక్కటే పోతున్నాయి. హైదరాబాదులో ముషీరాబాద్ జైలు స్థలంలో గాంధీ ఆసుపత్రి లేచింది. విశాఖ నడిబొడ్డున ఉన్న పాత జైలు పార్కు అయింది. వరంగల్ సెంట్రల్ జైలుని 2021లో ఖాళీ చేయించి, ఆసుపత్రి కోసం నేలమట్టం చేశారు. ఆసుపత్రి వద్దని ఎవరంటారు? కానీ ఆ గోడలతో పాటు ఎన్ని రిజిస్టర్లు, ఎన్ని జ్ఞాపకాలు మట్టిలో కలిశాయో అని దిగులు. రాజమండ్రిది మాత్రం పుట్టిన చోటే నిలబడి ఉంది. చుట్టూ ఊరు పెరిగి మీదకొస్తోంది. పాత ప్రవేశ రిజిస్టర్లు చెదలు పట్టకముందే స్కాన్ చేయించాలి. రిటైరైన వార్డర్లని కూర్చోబెట్టి వాళ్ళ మాటలు రికార్డు చేయాలి. గౌతమీ గ్రంథాలయం ఉన్న ఊరికి ఇది పెద్ద పని కాదు.

ఈ వ్యాసం కోసం ఒక మధ్యాహ్నం గేటు ముందు వేపచెట్టు కింద కూర్చున్నాను. ములాఖత్ అయి వస్తున్నవాళ్ళలో ఒక ముసలావిడ ఉంది. ఖాళీ సంచి చంకలో పెట్టుకుని నా దగ్గర ఆగింది.

“బాబూ, గోదారి ఎటెల్లాలి?”

గోకవరం బస్టాండుకి ఏ ఆటో ఎక్కాలో అడుగుతుందనుకున్నాను. ఆవిడది ఏజెన్సీ వైపు ఊరు. బస్సుకి ఇంకా టైముందట.

“మావోడు ఆరేళ్ళ బట్టి ఇక్కడే ఉన్నాడు. గోదారి సూడనేలేదంట. నా పేరున ఓ మునక వేసెళ్ళవే అమ్మా అన్నాడు.”

కోటిలింగాల రేవుకి వెళ్ళే ఆటో ఆపి ఎక్కించాను.