గీతకు ఇవతల మన గూడలు

1970 ఫిబ్రవరి 3న అమల్లోకి వచ్చిన 1/70 చట్టం గురించి మనలో చదువుకున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనుడి చేతి నుంచి గిరిజనేతరుడి చేతికి పోకూడదని, గిరిజనేతరుల మధ్య కూడా చేతులు మారకూడదని అది చెబుతుంది. గిరిజనేతరుడు సాగు చేస్తున్న భూమి మొదట గిరిజనుడిదేనని భావించి, కాదని రుజువు చేసుకునే బరువు అతని మీదే పెట్టింది. అంత గట్టి చట్టం. పోటీ పరీక్షల పుస్తకాల్లో ఉంటుంది, ఆగస్టు 9న మన సభల్లో ప్రతి ఉపన్యాసంలోనూ వినిపిస్తుంది. కానీ మందస, పలాస, నందిగాం, టెక్కలి మండలాల్లో కొండ దిగువన ఉన్న మన సవర గూడల్లో చాలావాటికి అది వర్తించదు.

ఎందుకు వర్తించదని పిల్లలు అడిగితే, "మనది ఏజన్సీ కాదు" అని చెప్పి పాఠంలోకి వెళ్లిపోతాం. అది జవాబు కాదు. ఏజన్సీ అనే గీతను ఎవరు గీశారు, ఎప్పుడు గీశారు, మన గూడలు దానికి ఇవతల ఎలా మిగిలాయి అన్నది తెలుసుకోవాలి.

ఆ గీత మన కోసం గీసింది కాదు. 1830లలో పర్లాకిమిడి, గుంసూరు ప్రాంతాల్లో తిరుగుబాట్లు లేచాయి. వాటిని అణచడానికి రస్సెల్ అనే దొరను పంపారు. మామూలు కోర్టులు, మామూలు చట్టాలు కొండల్లో పనిచేయవని ఆయన కుంపిణీ ప్రభుత్వానికి రాశాడు. ఆ మీదట 1839లో గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను విడదీసి, కలెక్టరునే గవర్నరు ఏజంటుగా పెట్టారు. ఏజన్సీ అన్న మాట అక్కడ పుట్టింది. 1874 నాటి షెడ్యూల్డ్ జిల్లాల చట్టంలో గంజాం మాలియాల పేర్లు వరసగా ఉన్నాయి. మాలియాలంటే కొండ ప్రాంతాలకు అప్పటి పేరు. పర్లాకిమిడి మాలియాలతో పాటు జలంత్ర, మందస, బుడారసింగి మాలియాలూ అందులో ఉన్నాయి. మందస పేరు ఆ జాబితాలో ఉందన్న సంగతి మన పిల్లలకు తప్పక చెప్పాలి. 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజన్సీ భూముల బదలాయింపు చట్టం తెచ్చి, ఏజంటు అనుమతి లేకుండా కొండ జాతుల భూమి ఇతరులకు పోరాదంది. 1/70కి తాత లాంటి చట్టం అది.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి అటు పోయిందని గిడుగు రామమూర్తి పంతులు గారు ఉన్న ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. తెలుగు చరిత్ర పుస్తకాలకు ఆ సంగతి గుర్తుంది. సవర భాషకు నిఘంటువు రాసిన మనిషి కనుక మనకూ గుర్తుండాలి. కానీ ఆ హద్దు గురించి ఒరియావాళ్లూ తెలుగువాళ్లూ వాదించుకున్నారే తప్ప, సవరలను ఎవరూ అడగలేదు. మహేంద్రగిరి అటు పోయింది. కొండ మీది మాలియాల్లో చాలావరకు ఏజన్సీ హోదాతో సహా అటు పోయాయి. కొండ కింద సోంపేట, టెక్కలి తాలూకాల్లో ఉన్న మన గూడలు విశాఖపట్నం జిల్లాలో కలిసి, మైదానం లెక్కలోకి వచ్చాయి. ఒకే ఇంటి ఆడపిల్లను కొండపైకి ఇస్తే ఆమె సంతానం ఏజన్సీ వాళ్లు, కిందికి ఇస్తే కాదు.

1950 జనవరి 26న రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. అయిదో షెడ్యూలు కింద రాష్ట్రపతి ఉత్తర్వు వెలువడింది. ఆంధ్ర వైపు అందులో రాసింది తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి, విశాఖపట్నం ఏజన్సీల పేర్లు. అంటే స్వతంత్ర ప్రభుత్వం మన గూడలకు వచ్చి చూసి గీసిన గీత కాదది. తెల్లవాడు పాలించడానికి వీలుగా గీసుకున్న దాన్ని, 1936లో తెగ్గోసిన తర్వాత మిగిలిన ముక్కల వరకు, అలాగే ఎత్తి రాసుకున్నారు. అదే సంవత్సరం ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. సీతంపేట వైపు గ్రామాలు గీతకు లోపల ఉన్నాయి. ఉద్దానం వైపు వాళ్లం బయట మిగిలాం.

బయట మిగలడం వల్ల ఏం జరిగిందో కాగితాల కంటే మన ముసలివాళ్ల నోట బాగా వినవచ్చు. వానాకాలంలో షావుకారు దగ్గర నాముకు గింజలు తెచ్చుకోవడం, పంట వచ్చాక వాటికి మీద కొలిచి ఇవ్వడం, తీరకపోతే ఇంటి కుర్రవాడిని కంబారిగా పెట్టడం, అదీ చాలకపోతే పల్లపు భూమి రాసివ్వడం. ఇది ఏజన్సీలోనూ ఉంది, ఇవతలా ఉంది. తేడా ఏమిటంటే, అక్కడ రాసిచ్చిన కాగితం చెల్లదని చెప్పడానికి ఒక చట్టం ఉంది. ఇక్కడ ఆ కాగితం సబ్ రిజిస్ట్రారు ముద్రతో నిక్షేపంగా చెల్లింది. పల్లపు భూమి పోయినవాళ్లు మెరకకు ఎక్కారు. మెరకను జీడి తోటగా చేసుకుంటే, పూత మీద ఉండగానే తోట తాకట్టులోకి పోయింది. ఉద్దానం తోటల్లో కాయలు దించే కూలీల్లో, పలాసలో జీడిపిక్కలు కాల్చి కొట్టే పనుల్లో మనవాళ్లు కనిపిస్తారు. వలస వెళ్లారంటారు. వలస కంటే ముందు భూమి పోయింది.

అసలు బాధ కలిగించే సంగతి మరొకటి ఉంది. 1/70 ఊరికే రాలేదు. వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం గిరిజన సంఘాన్ని కట్టారు. ఇద్దరూ బడి పంతుళ్లే. కూలి పెంపు, నాముల రద్దు, భూమి అడిగారు. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు సభకు వెళ్తున్న గిరిజనుల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. మరుసటి ఏడు నిందితులు కోర్టులో నిర్దోషులుగా బయటపడ్డారు. 1968 నవంబరు 25న పెదగొత్తిలితో సాయుధ పోరాటం మొదలైంది. ఆ పోరాటం కొండల్లో ఎంత సాగిందో ఉద్దానంలోనూ అంత సాగింది. బొడ్డపాడుకు చెందిన పంచాది కృష్ణమూర్తిని మరో ఆరుగురితో కలిపి 1969 మే 27న జలంత్రకోట దగ్గర చంపారు. జముకుల కథతో ఊరూరూ కదిలించిన సుబ్బారావు పాణిగ్రాహిని ఆ డిసెంబరులో చంపారు. ఆ దారి సరైనదా కాదా అన్న వాదనలు నేటికీ ఉన్నాయి, వాటి జోలికి ఇక్కడ పోము. ప్రభుత్వం మాత్రం ఒక చేత్తో కల్లోలిత ప్రాంతమని ప్రకటించింది, రెండో చేత్తో 1/70 తెచ్చింది. 1970 జూలై 10న సత్యం, కైలాసం మరణించే నాటికి ఆ చట్టానికి అయిదు నెలలు. నెత్తురు ఉద్దానంలోనూ పారింది. చట్టం ఉద్దానం దాకా రాలేదు. బొడ్డపాడు స్తూపం దగ్గర ఏటా ఎన్నో మాటలు వింటాం, ఈ మాట మాత్రం వినిపించదు.

ఆ తర్వాత వచ్చినవన్నీ అదే గీత మీద నడిచాయి. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతానికే. 1997 సమత తీర్పు కూడా అంతే. 2000లో వచ్చిన 3వ నంబరు జీవో ఏజన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చింది. గూడలో సవర మాట తెలిసిన పంతులు ఉండాలన్న ఆలోచన మంచిదే. కానీ గీతకు ఇవతలి గిరిజన అభ్యర్థికి అందులో చోటు లేదు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టేస్తూ, 1950 జనవరి 26 నుంచి అక్కడే నివాసం ఉండాలన్న షరతు ఇతర గిరిజనులకు అన్యాయమని కూడా అంది. మనకు లేనిదాన్ని మనవాళ్లకూ లేకుండా చేయడానికి మన బాధ ఒక కారణంగా పనికొచ్చింది!

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీశారు. సీతంపేట పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది, దానితో పాటే ఐటీడీఏ కార్యాలయమూ వెళ్లింది. శ్రీకాకుళం జిల్లాలో మిగిలిన గిరిజనులకు ఆ జిల్లాలో ఐటీడీఏ లేదు. మెళియాపుట్టి వైపు ఒకటి పెట్టమని అడుగుతూనే ఉన్నాం.

ఏజన్సీ బయట మనకున్న ఒకే ఒక అడ్డుకట్ట 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం. డి పట్టా భూమిని అమ్మరాదు, కొనరాదు. 2023లో దాన్ని సవరించి, ఇచ్చి 20 ఏళ్లు దాటిన భూములపై పూర్తి హక్కు ఇస్తామన్నారు. అమ్ముకునే హక్కు పేదవాడికి మేలని చెప్పారు. అప్పుల్లో ఉన్నవాడికి అమ్ముకునే హక్కు ఎవరికి మేలు చేస్తుందో నాములు తెచ్చుకున్న వాళ్లను అడగాలి. 2024లో కొత్త ప్రభుత్వం ఆ రిజిస్ట్రేషన్లు ఆపింది, విచారణ అంది. చట్టం వర్తించే గూడలు ఈ భయం పడనక్కర్లేదు.

గీత మార్చలేనిదని చెప్పేవాళ్లున్నారు. అది నిజం కాదు. 1976లో అయిదో షెడ్యూలును సవరించి, గవర్నరును సంప్రదించి షెడ్యూల్డ్ ప్రాంతాన్ని పెంచే అధికారం రాష్ట్రపతికి ఇచ్చారు. రాజస్థాన్‌లో 1981లో, మహారాష్ట్రలో 1985లో ఉత్తర్వులు కొత్తగా ఇచ్చారు. రాజస్థాన్‌లో 2018లో మళ్లీ గ్రామాలు చేర్చారు. గిరిజన జనాభా ఎక్కువ ఉండాలి, ప్రాంతం ఒకదానికొకటి ఆనుకుని ఉండాలి, పాలనకు వీలుండాలి, వెనకబాటు ఉండాలి అన్నవి కొలతలు. మన దగ్గర ఏ పార్టీ ప్రభుత్వం వచ్చినా ప్రతిపాదనలు పంపుతామంటుంది, పంపామంటుంది. ఒక రెవెన్యూ గ్రామంలో పది గూడలుంటే, కింద పెద్ద ఊరి జనంతో కలిపి లెక్క వేసి మన శాతం తక్కువని తేలుస్తారు. గూడను గూడగా లెక్కిస్తే ఆ మాట నిలబడదు.

కాబట్టి ముందు పని లెక్క. 2006 అటవీ హక్కుల చట్టానికి ఈ గీతతో పని లేదు. 2005 డిసెంబరు 13 నాటికి పోడు సాగు చేస్తున్న గిరిజనులు ఏజన్సీ బయట కూడా హక్కు అడగవచ్చు. తిరస్కరించిన దరఖాస్తులకు కారణం రాతపూర్వకంగా తీసుకోవాలి. అలాగే ప్రతి గూడలో ఏ మడి ఎవరిది, ఎప్పుడు, ఎంత అప్పుకు, ఎవరి పేరుకు మారిందో ముసలివాళ్లను కూర్చోబెట్టి రాయాలి. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు ఈ పని చేయగలరు. పాత అడంగళ్ల నకళ్లు తహసీల్దారు కార్యాలయంలో అడిగి తేవడం మన పని. వచ్చే సంత రోజు నుంచే మొదలుపెట్టవచ్చు, ఆ రోజు కొండ మీది వాళ్లూ కిందికి దిగుతారు.