మూసీ వరద నేర్పిన పాఠము

హైదరాబాదు నగరము 1591లో మూసీ దక్షిణ తీరమున వెలసినది. వేసవిలో సన్నని పాయగా పారు ఈ చిన్ననది 1908 సెప్టెంబరు 28వ తేదీన కొలది గంటలలో నగరమును ముంచివైచినది. సుమారు 15,000 మంది మరణించిరనియు, 19,000 ఇండ్లు కూలినవనియు అంచనా. ఇంత చిన్ననదికి అంత నీరు ఎట్లు వచ్చినది?

మూసీ అనంతగిరి కొండలలో పుట్టి తూర్పుగా పారును. ఈసీ అను ఉపనది నగరమునకు ఎగువన దానితో కలియును. నగరమునకు పైన ఈ రెంటి పరీవాహక ప్రాంతము సుమారు 860 చదరపు మైళ్ళు. అందులో ఆనాడు 788 చెరువులుండెను. అవి గొలుసుకట్టు చెరువులు. ఒక చెరువు నిండి అలుగు పారిన నీరు దిగువ చెరువును చేరును. సాధారణముగ ఈ ఏర్పాటు వరదను నెమ్మదింపజేయును. కాని ఆ రోజులలో శంషాబాదున 24 గంటలలోనే 12.8 అంగుళముల వాన కురిసినది. ఎగువ చెరువు కట్ట తెగినంతనే ఆ నీరంతయు ఒక్కసారిగా దిగువ చెరువుపై బడెను; దాని కట్టయు తెగెను. ఇట్లు 221 చెరువులు తెగినవి. మేలు చేయవలసిన గొలుసే కీడు చేసినది.

నష్టము అందరికి సమముగ కలుగలేదు. మెరక మీద కట్టిన ఇండ్లు నిలచినవి. కోల్సావాడి వంటి ఒడ్డునున్న పల్లపు పేటలు తుడిచిపెట్టుకొని పోయినవి. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి తోటలోని చింతచెట్టునెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టు నేటికిని ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో నిలచియున్నది.

1909లో నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించినది. నగరములో గోడలు కట్టినంత మాత్రమున చాలదనియు, వరదను నగరమునకు చేరకముందే ఎగువన ఆపవలెననియు ఆయన నిర్ణయించెను. ఆ సూచన ననుసరించి మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తియైనవి. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి మురికివాడలను తొలగించి తక్కువ అద్దె ఇండ్లు కట్టించినది, వీధులను వెడల్పు చేసినది. 1922లో విశ్వేశ్వరయ్యగారు మరల వచ్చి మురుగునీటి పారుదల పనికి తోడ్పడిరి. వరద, త్రాగునీరు, మురుగు, నివాసము ఒకదానితో నొకటి ముడిపడిన సమస్యలని ఆనాడే గుర్తింపబడినది.

ఈ జలాశయముల బలమెంతయో లెక్కవేసి చూతము. నేటి లెక్క ప్రకారము ఉస్మాన్‌సాగర్ 390 కోట్లు, హిమాయత్‌సాగర్ 297 కోట్లు, మొత్తము 687 కోట్ల ఘనపుటడుగుల నీటిని పట్టును. 1908 వరద ఉచ్చస్థితిలో సెకనుకు 4,25,000 ఘనపుటడుగుల నీరు పారినదని విశ్వేశ్వరయ్యగారి అంచనా. భాగించినచో సుమారు 16,000 సెకనులు, అనగా నాలుగున్నర గంటలు. రెండును పూర్తిగా ఖాళీగానున్నను, అట్టి ప్రవాహమును ఆపగలిగిన కాలము అంతే. అయినను వరద ఉచ్చస్థితి కొద్ది గంటలే యుండును గనుక ఆ కొద్ది కాలమే ఊళ్ళను కాపాడగలదు. కాని జలాశయము ముందుగనే నిండియున్నచో ఈ రక్షణ లేదు. త్రాగునీటికి అది నిండుగ నుండవలెను, వరదకు ఖాళీగ నుండవలెను. ఒకే కుండ రెండు విధములుగ నుండజాలదు. అందుచే ఎగువనున్న చెరువులు, కాలువలు, నీరింకు నేల మిగిలియుండుట అవసరము.

1996లో ప్రభుత్వము 111వ ఉత్తరువుచే ఈ జలాశయముల చుట్టు 10 కిలోమీటర్ల మేర నిర్మాణములను కట్టడి చేసినది. 2022లో దానిని సడలించుటకు నిర్ణయించినది. నగరములోపల అనేక చెరువులు, నాలాలు ఇండ్లక్రింద కుంచించుకొనిపోయినవి. 2020 అక్టోబరు వానలలో బాలాపూరు వద్ద గుర్రంచెరువు కట్ట తెగగా దిగువనున్న కాలనీలు మునిగినవి. నూరు సంవత్సరముల తరువాతను పల్లమున నుండువారే ముందుగ నష్టపోయిరి.

నీటికి పల్లమొక్కటే తెలియును. ఎగువ వారు నేలను కప్పివేసినచో దాని ఫలితము దిగువ వారు అనుభవింతురు. కనుక నగరము క్షేమముగ నున్నదా లేదా యనుటకు పల్లపు పేటలోని ఇల్లే గీటురాయి. ఉపాధ్యాయులు తరగతిలో తమ ఊరి పటమును పరచి, వాననీరు ఏ వైపు పారునో, ఏ చెరువును చేరునో, దారిలో ఎవరి ఇండ్లున్నవో విద్యార్థులచే గుర్తింపజేయవచ్చును. అది భూగోళ పాఠమగును. పౌరధర్మ పాఠమును అగును.