బొగోటా బస్సుల పోటీ, ట్రాన్స్‌మిలేనియో రాక

20వ శతాబ్దం చివరినాటికి కొలంబియా రాజధాని బొగోటాలో బస్సులకు కొరత లేదు, ఉన్నవే అవసరానికి మించి ఉండేవి. ప్రభుత్వం నుంచి మార్గాల అనుమతులు పొందిన కంపెనీలు వాటిని విడివిడి బస్సు యజమానులకు అప్పగించి రుసుము వసూలు చేసుకునేవి. డ్రైవరు రాబడి ఎక్కించుకున్న ప్రయాణికుల సంఖ్యను బట్టి ఉండటంతో, ఒకే దారిలో బస్సులు పందెం వేసుకుని పరుగెత్తి, చెయ్యెత్తిన చోటల్లా ఆగి, సగం ఖాళీగా తిరుగుతూ డీజిలును వృథా చేసేవి. స్థానికులు 'పైసా యుద్ధం' అని పిలిచిన ఈ పోటీలో బస్సులు వదిలిన పొగకు నిందంతా పాత ఇంజన్ల మీద మోపడం సరికాదు; చెల్లింపు పద్ధతికీ అందులో పెద్ద వాటాయే ఉంది.

బ్రెజిల్‌లోని కురిటిబా నగరం 1974లోనే బస్సులకు ప్రత్యేక దారులు కేటాయించి చూపిన మార్గాన్ని అనుసరించి, మేయర్ ఎన్రికే పెన్యలోసా హయాంలో 2000 డిసెంబరులో బొగోటాలో ట్రాన్స్‌మిలేనియో మొదలైంది. రోడ్డు మధ్యన వేరుచేసిన వరుసలు, ఎక్కకముందే టికెట్టు, బస్సు గడపకు సమానమైన ఎత్తులో ప్లాట్‌ఫారం, సుమారు 160 మందిని మోసే జంట పెట్టెల బస్సులు అందరి కంటా పడ్డాయి. కంటికి కనిపించని మార్పు ఇంకా లోతైనది: ప్రధాన మార్గాల నిర్వాహకులకు నడిపిన కిలోమీటర్ల లెక్కన సొమ్ము ముట్టింది, కొత్త బస్సు దింపాలంటే కొన్ని పాతవాటిని తుక్కు చేయించాలన్న షరతూ వచ్చింది.

ఈ మార్పులకు వాతావరణ కోణంలోనూ గుర్తింపు దక్కింది: వర్ధమాన దేశాలలో సాధించిన ఉద్గారాల తగ్గింపును సంపన్న దేశాలు కొనుక్కునేందుకు క్యోటో వాతావరణ ఒప్పందం ఏర్పరచిన స్వచ్ఛ అభివృద్ధి యంత్రాంగంలో ఈ వ్యవస్థ విస్తరణ 2006లో నమోదైంది. సామూహిక రవాణా పథకాలలో ఆ గుర్తింపు పొందిన మొదటిది ఇదే. తరువాతి ఏళ్లలో మార్గాల విస్తరణ మందగించగా, బస్సుల్లో కిక్కిరిసిన రద్దీ తీవ్ర నిరసనలకు దారితీసింది.