దూరవిద్యలో కంప్యూటర్ డిగ్రీ

ఉద్యోగమో వ్యవసాయమో చేసుకుంటూ, కళాశాలకు రోజూ వెళ్లకుండా కంప్యూటర్ శాస్త్రంలో పట్టా పొందే మార్గం దూరవిద్య. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో ఏర్పడింది. అదే నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో) 1985లో వచ్చింది.

ఇగ్నో అందించే కంప్యూటర్ డిగ్రీ బీసీఏ కనీస కాలం 3 ఏళ్లు, గరిష్ఠం 6 ఏళ్లు. మొగల్తూరు వంటి డెల్టా గ్రామంలో కోతల కాలంలో చదువు వెనకబడిన విద్యార్థికి ఈ వెసులుబాటు ఎంతో మేలు. పాఠ్యపుస్తకాలు ఇగ్నో ఆన్‌లైన్ భాండాగారం ‘ఈజ్ఞానకోశ్’లో ఉచితంగా లభిస్తాయి. అసైన్‌మెంట్లు రాసి, జూన్ లేదా డిసెంబరులో పరీక్షలకు కూర్చోవాలి. ప్రోగ్రామింగ్ ప్రయోగ తరగతులకు మాత్రం అధ్యయన కేంద్రానికి వెళ్లక తప్పదు. బోధన ఆంగ్లంలోనే సాగడం తెలుగు మాధ్యమం వారికి ప్రధానమైన అడ్డంకి. తొలి ఏడాది భాషపై అదనపు సాధన అవసరం.

బీటెక్‌ను దూరవిద్యలో చదివేందుకు అనుమతి లేదు. బీసీఏ, ఎంసీఏలకైనా చేరబోయే సంవత్సరానికి యూజీసీ దూరవిద్యా బ్యూరో గుర్తింపు ఉందో లేదో చేరేముందే సరిచూసుకోవాలి. గుర్తింపు పొందిన పట్టా ఉన్నత విద్యకు, ప్రభుత్వ ఉద్యోగాలకు రెగ్యులర్ పట్టాతో సమానం.