విడో సాలీళ్లు: ఎక్కడ ఉంటాయి, ఎలా గుర్తుపట్టాలి, కరిస్తే ఏం చేయాలి?

రాయ్‌పూర్‌లో టోకు వ్యాపారానికి పేరున్న ప్రాంతం గుఢియారీ. ఇలాంటి చోట గోడల వెంట పేర్చిన ఖాళీ క్రేట్లు, వాడని పైపులు, నెలల తరబడి కదపని బస్తాల దొంతరలు మామూలే. వాటి సందుల్లో సాలెగూడు కనిపిస్తే చాలామంది చీపురుతో దులిపేస్తారు, లేదంటే చెయ్యి పెట్టి లాగేస్తారు.

ఆ రెండో పనే ప్రమాదకరం. ప్రపంచంలో వైద్యపరంగా ముఖ్యమైన సాలీళ్లలో ఒకటైన విడో సాలీడు ఇష్టపడేది సరిగ్గా ఇలాంటి చోట్లనే.

విడో సాలీడు అంటే?

లాట్రోడెక్టస్ అనే ప్రజాతికి చెందిన సాలీళ్లను విడో సాలీళ్లు అంటారు. 1805లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త వాల్కనేర్ ఈ ప్రజాతికి పేరు పెట్టారు. ఇందులో 30కి పైగా జాతులు ఉన్నాయి. అమెరికాలోని బ్లాక్ విడో, ఆస్ట్రేలియాలోని రెడ్‌బ్యాక్ వీటిలో బాగా తెలిసినవి.

జత కట్టాక ఆడ సాలీడు మగదాన్ని తినేస్తుందన్న మాటే ‘విడో’ (వితంతువు) అనే పేరుకు మూలం. అయితే అన్ని జాతుల్లో, అన్నిసార్లూ ఇలా జరగదు. రెడ్‌బ్యాక్‌లో మాత్రం మగదే పల్టీ కొట్టి ఆడదాని కోరల ముందుకు వెళుతుంది.

భారత్‌లో ఉన్నాయా?

ఉన్నాయి. గుజరాత్‌లోని బరోడా జిల్లాలో ఒక పత్తి చేనులో రెడ్‌బ్యాక్ రకం సాలీడు కనిపించినట్లు 2001లో ‘కరెంట్ సైన్స్’ పత్రిక ప్రచురించింది. బ్రౌన్ విడో భారత్‌లో ఉన్నట్లు తొలి నివేదిక 2007లో అదే పత్రికలో వచ్చింది. లాట్రోడెక్టస్ ఎలిగన్స్ అనే మరో జాతిని మణిపుర్‌లో గుర్తించినట్లు 2012లో శాస్త్రవేత్తలు వెల్లడించారు.

వీటిలో నగరవాసులు ఎక్కువగా తెలుసుకోవాల్సింది బ్రౌన్ విడో గురించి. ఇది సరుకుతోపాటు ప్రయాణిస్తుంది. లారీ అడుగున, కుర్చీ కింద, పూలకుండీ అంచులో అంటుకున్న ఒక్క గుడ్ల సంచి చాలు, కొత్త ఊరికి చేరిపోతుంది. అలా ఇది ఖండాలే దాటింది.

ఎలాంటి చోట వెతకాలి?

ఈ సాలీళ్లకు మూడు కావాలి: వెచ్చదనం, పొడి వాతావరణం, ఎవరూ కదపని మూల. ఆరుబయట అయితే రాళ్ల కింద, పొదల మొదళ్లలో, పంట మొక్కల అడుగు భాగంలో ఉంటాయి. మనుషులుండే చోట ఇటుకల దొంతరలు, బోర్లించిన కుండలు, ప్లాస్టిక్ కుర్చీల అడుగు, పాత టైర్లు, గేటు మూలలు వీటికి నెలవు.

వీటి గూడు గుండ్రంగా, చక్రంలా ఉండదు. చిక్కుపడిన దారం ఉండలా ఉంటుంది. అక్కడి నుంచి జిగురు పోగులు నేల వైపు బిగుతుగా దిగుతాయి. నేల మీద పాకే చీమో, పురుగో తగిలితే పోగు తెగి, దాన్ని పైకి లాగేస్తుంది.

గుర్తులు ఏమిటి?

ఆడ సాలీడు శరీరం బఠాణీ గింజంత ఉంటుంది. పొట్ట గుండ్రంగా, నున్నగా ఉంటుంది. గూటిలో తలకిందులుగా వేలాడుతుంది. పొట్ట అడుగున ఎరుపు లేదా నారింజ రంగులో డమరుకం ఆకారపు మచ్చ ఉంటుంది. రెడ్‌బ్యాక్ రకానికి వీపు మీద ఎర్రటి చార కనిపిస్తుంది. బ్రౌన్ విడో గోధుమ రంగులో, కాళ్ల మీద పట్టీలతో ఉంటుంది.

బ్రౌన్ విడోకు అన్నింటికన్నా నమ్మదగిన ఆనవాలు గుడ్ల సంచి. దాని చుట్టూ ముళ్లు పొడుచుకొచ్చి, చిన్న ముళ్ల బంతిలా ఉంటుంది. సాలీడు కనిపించకపోయినా ఈ సంచి కనిపిస్తే అక్కడ చెయ్యి పెట్టకూడదు.

ఇంటి గోడ మీద పరుగెత్తే పెద్ద సాలీడు, అడవి దారుల్లో బంగారు రంగు గూడు కట్టే జెయింట్ వుడ్ స్పైడర్ విడోలు కావు. వాటి వల్ల మనుషులకు చెప్పుకోదగ్గ హాని లేదు.

గమనించాలంటే...

రాత్రి వేళ మంచిది. అప్పుడు ఆడ సాలీడు దాగిన చోటు నుంచి గూడు మధ్యకు వస్తుంది. టార్చి, కాళ్లు కప్పే బూట్లు ఉండాలి. ఫొటో తీసేటప్పుడు సాలీడు అడుగు భాగం, గుడ్ల సంచి, గూడు ఉన్న చోటు మూడూ కనిపించేలా తీయాలి. గుర్తుపట్టడానికి నిపుణులకు ఇవే కావాలి. ఐనేచురలిస్ట్ లాంటి వేదికలో తేదీ, ప్రదేశంతో పెడితే ఆ జాతి ఎక్కడెక్కడ ఉందో నమోదవుతుంది.

ఇవి వెంటబడి కరవవు. ఒంటికి, బట్టకు మధ్య నలిగినప్పుడు, చేతి కింద పడినప్పుడు కరుస్తాయి. అందుకే బస్తాలు, ఇటుకలు ఎత్తే కూలీలకు చేతి తొడుగులు ఇవ్వడం, వాడని బూట్లను దులిపి వేసుకోవడం అసలైన జాగ్రత్తలు.

కరిస్తే?

విషంలోని ఆల్ఫా లాట్రోటాక్సిన్ నాడుల చివర్ల నుంచి రసాయనాలను ఒక్కసారిగా విడుదల చేయిస్తుంది. కరిచిన చోట నొప్పి గంటలో పెరగవచ్చు. చెమటలు, కండరాలు పట్టేయడం, కడుపునొప్పి, రక్తపోటు పెరగడం లాంటివి రావచ్చు. బ్రౌన్ విడో కాటు చాలావరకు స్థానిక నొప్పితోనే పోతుంది. మరణాలు చాలా అరుదు. పిల్లలు, వృద్ధుల విషయంలో ఆలస్యం చేయకూడదు.

సబ్బు నీళ్లతో కడగాలి. గుడ్డలో చుట్టిన ఐస్ పెట్టాలి. గట్టిగా కట్టు కట్టవద్దు, కోయవద్దు. 108కి ఫోన్ చేయాలి లేదా ఆసుపత్రికి వెళ్లాలి. వీలైతే సాలీడు ఫొటో చూపించాలి.

రెడ్‌బ్యాక్ విషానికి విరుగుడు ఆస్ట్రేలియాలో 1956లో వచ్చింది. మన ఆసుపత్రుల్లో ఉండే యాంటీ వీనం మాత్రం నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర విషాలకు తయారుచేసినది. అది సాలీడు కాటుకు పనిచేయదు. నొప్పిని, కండరాల బిగువును తగ్గించే చికిత్సే ఇక్కడ ప్రధానం.

భయం చేసే నష్టం

2012లో అస్సాంలోని సదియాలో సాలీళ్లు కరిచి ఇద్దరు చనిపోయారన్న వార్తలు దేశమంతా పాకాయి. అక్కడ పట్టుకున్నవి విడోలు కావు, టరంటులా తరహా సాలీళ్లు. అప్పటి కథనాల ప్రకారం బాధితులు ముందు నాటు వైద్యుల దగ్గరకు వెళ్లారు. అక్కడ గాటును బ్లేడుతో కోశారు. పోస్టుమార్టం జరగకుండానే దహనం కావడంతో మరణానికి అసలు కారణం తేలలేదు.

శ్రీకాళహస్తి పేరులోని ‘శ్రీ’ సాలీడే. శివుణ్ని కొలిచిన ఆ జీవిని గుడిలో తలుచుకునే మనం, ఇంట్లో కనిపించిన ప్రతి సాలీడునూ చంపనక్కర్లేదు. చంపే ముందు టార్చి వేసి చూస్తే చాలు, అది ఏదో చాలావరకు తెలిసిపోతుంది.